పెన్రడాక్ గారింట్లో అందరూ ఎమ్మాలే

చెల్టెనమ్,
ఫిబ్రవరి 2, 1914

ప్రియమైన కెజీయా అత్తకి,

క్షేమంగా చేరాను. నువ్వు కట్టిచ్చిన రొట్టె, ఉప్పుమాంసం రైలు వూస్టర్ చేరకముందే అయిపోయాయి. ఎదురు బెంచీలో కూర్చున్న పాదరీగారు నా మూట వంక చూపు తిప్పకుండా చూస్తుంటే ఆయనకీ ఓ ముక్క పెట్టాను. ఆయన మన పనివాళ్ళ చాపెల్ మనిషి కాదు, దొరలు వెళ్ళే పెద్ద చర్చి మనిషి. అయినా ఆకలికి ఆ తేడా తెలిసినట్టు లేదు, వేళ్ళు కూడా నాక్కున్నాడు.

ఇల్లు చాలా పెద్దది. మెట్లు ఎక్కి దిగడంతోనే సగం రోజు పోతుంది. అయ్యగారు, పెన్రడాక్ గారు, మద్రాసు వైపు కలెక్టరుగా చేసి, రిటైరై వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. అందుకని ఇంటినిండా ఇండియా సామానే. హాల్లో నేల మీద ఓ పులి నోరు తెరుచుకుని పడి ఉంటుంది. రోజూ దాని పళ్ళు తుడవడం నా వంతు. గాజు అలమరలో ఇత్తడి దేవుళ్ళున్నారు. వాళ్ళలో ఏనుగు తల, పెద్ద బొజ్జ ఉన్నాయన ఒకరు. ఆయన్ని తోముతుంటే నాకు మన పాస్టరుగారు గుర్తొస్తారు. ఈ మాట ఎవరితోనూ అనకు.

భోజనాల దగ్గర వడ్డించడం, ఎవరైనా వస్తే తలుపు తీయడం, ఇవీ నా పనులు. నల్లగౌను, తెల్లటోపీ. ఆ వేషంలో చూస్తే మసి చేత్తో నన్ను ముట్టుకోవడానికి నువ్వే జంకుతావు. వంటావిడ టటిల్ గారిది మాట తక్కువ గానీ, పెట్టే చెయ్యి. అమ్మగారి సంగతి ఇంకోసారి రాస్తాను.

నీ దగ్గు ఎలా ఉంది? కొలిమి దగ్గర చెమటతో లేచి చలిగాలిలోకి వెళ్ళకు.

నీ మేనకోడలు,
హెప్సీ

మరో మాట. జవాబు రాసేటప్పుడు కవరు మీద నా పేరు రాయొద్దు. పెన్రడాక్ గారిల్లు అంటే చాలు, అందుతుంది. ఇక్కడి పోస్టుమాన్‌కి చూపు ఆనదు, అక్షరాలు ఎక్కువైతే తికమకపడతాడు.


క్రాడ్లీ హీత్,
ఫిబ్రవరి 23

హెఫ్సీబా ట్రాంటర్‌కి, అలాంటి మనిషంటూ భూమ్మీద ఉంటే,

పోస్టుమాన్‌కి చూపు ఆనదన్నావు. పాపం కదా అని ఇంకా పెద్ద అక్షరాలతో నీ పేరు మొత్తం రాసి పంపాను. ఆ ఉత్తరం నిన్న తిరిగొచ్చింది. కవరు మీద ఎవరో ముత్యాల్లాంటి దస్తూరీతో "ఈ పేరు గలవారు ఈ ఇంట లేరు" అని రాశారు. చదివి సుత్తి కాలి మీద వేసుకున్నాను.

పక్క కొలిమి జెమైమా బ్లూమర్ ఊరుకుంటుందా? "మీ పిల్ల ఎవడితోనో లేచిపోయుంటుందిలే కెజీయా, ఈ రోజుల్లో మామూలే" అంది. వాళ్ళింట్లోంచి ఎవరెవరు ఎప్పుడెప్పుడు లేచిపోయారో గుర్తుచేశాను. అప్పటినుంచి మా ఇద్దరికీ మాటల్లేవు. ఇనుప గొలుసులు కొట్టడంలో పందెం మాత్రం నడుస్తోంది. తను ఒక లంకె కొడితే నేను రెండు కొడుతున్నాను.

మీ అమ్మానాన్నా పోయాక నిన్ను కొలిమి తిత్తి పక్కన పడుకోబెట్టుకుని పెంచాను. నీకు ఆ పేరు పెట్టింది మీ నాయనమ్మ. బైబిల్లో ప్రవక్త మాటల్లోంచి ఏరి పెట్టింది. నీలోనే నా సంతోషం అని దాని అర్థం. ఆ సంతోషం ఇప్పుడు ఎక్కడుందో తెలియక నాకు రాత్రిళ్ళు నిద్ర లేదు.

ఈసారి నువ్వు చెప్పినట్టే వట్టి ఇంటి పేరు రాసి పంపుతున్నాను. అందితే నిజం రాయి.

అత్త


చెల్టెనమ్,
మార్చి 1

అత్తా,

కోపం తెచ్చుకోకుండా చదువు. తెచ్చుకుంటావని తెలిసే ముందు దాచాను.

వచ్చిన మొదటిరోజు అమ్మగారు నన్ను కుర్చీ ముందు నిలబెట్టి పేరు అడిగారు. చెప్పాను. ఆవిడ పులుపు తిన్నట్టు కళ్ళు మూసుకుని, "అది వడ్డన చేసే పిల్ల పేరు కాదు. ఈ ఇంట్లో ఆ పని చేసేవాళ్ళని ఎమ్మా అంటాం. నువ్వు ఎమ్మావి" అన్నారు. అంతే, అయిపోయింది. నాకు ముందున్న పిల్ల కూడా ఎమ్మానే, దానికి ముందున్నదీ ఎమ్మానే. మగ నౌకరు ఎవరైనా సరే జాన్. ప్రస్తుతం ఉన్న జాన్ అసలు పేరు ఎర్నెస్ట్. నీ ఉత్తరం తిప్పి పంపింది అమ్మగారే. ఆవిడ అబద్ధమాడలేదు, నిజంగానే ఆ పేరు గల మనిషి ఇంట్లో ఉందని ఆవిడకి గుర్తు లేదు.

అయ్యగారు దీన్ని సమర్థిస్తూ భోజనాల దగ్గర ఓ మాటన్నారు. మద్రాసులో వాళ్ళ బట్లర్లందరినీ రామస్వామి అనే పిలిచేవారట. ఒకడు పోతే ఇంకో రామస్వామి. "చాలా సుఖం, కొత్త పేరు నేర్చుకునే బాధ లేదు" అన్నారు. అమ్మగారు అక్కడ నేర్చుకున్న అలవాటు ఓడెక్కించి ఇక్కడికి తెచ్చుకున్నారన్నమాట, పులితో పాటు.

(రెండో పేజీ)

నాకు ముందున్న ఎమ్మా అసలు పేరు లవీనియా. బేకరీ అతన్ని పెళ్ళి చేసుకుని పక్క వీధిలోనే ఉంటోంది. నిండు నెలలు. వంటావిడకి మాత్రం ఇప్పటికీ ఎమ్మా అంటే ఆ లవీనియానే. నన్ను "కొత్తపిల్లా" అంటుంది. కాబట్టి నేను మేడ మీద ఎమ్మాని, వంటింట్లో కొత్తపిల్లని, రాత్రి ప్రార్థన చేసుకునేటప్పుడు మాత్రమే హెఫ్సీబాని. దేవుడు మాత్రం గుర్తుపడుతున్నాడనే అనుకుంటాను.

అమ్మగారు చెడ్డవారు కాదు. నేను దగ్గుతుంటే తన పాత కోటు ఇచ్చారు. తిండికి లోటు లేదు. కాబట్టి నువ్వు బెంగపడకు.

ఇక్కడ ఎమ్మా, నీకు ఎప్పటికీ,
హెప్సీ


క్రాడ్లీ హీత్,
మార్చి 25

నా బంగారుతల్లికి,

ఈ ఉత్తరం చదువుతూ ఏడవకు. బాలింత ఏడిస్తే పాలు పడవంటారు.

నీ ఉత్తరం మొదటి పేజీ చదివి వాళ్ళ మీద కోపంతో ఊగిపోయాను. కుదుటపడ్డాక, నువ్వెలాగూ అంతా బాగుందనే రాస్తావు కదా అని, మీ వంటావిడకి ఓ కార్డు రాశాను. మీ ఇంట్లో ఇంకో పేరు చెల్లదన్నావు కాబట్టి, "అమ్మా, మీ ఎమ్మా ఎలా ఉందో ఉన్నదున్నట్టు చెప్పండి" అని రాశాను. ఆవిడ జవాబు ఇవాళ వచ్చింది. "ఎమ్మాకి మగపిల్లాడు. ఇద్దరూ కులాసా. ఇక్కడ వానలు." అంతే ఉంది.

ఆ కార్డు మళ్ళీ మళ్ళీ చదివాను. తర్వాత ఆలోచిస్తే ఒక్కొక్కటీ అతికింది. కవరు మీద పేరు రాయొద్దన్నావు. రాస్తే ఉత్తరం తిప్పి పంపించావు. పేరు మార్చుకుని, అమ్మగారు మార్చారని కథ అల్లావు. క్రిస్మస్‌కి నీ గౌను బిగుతైతే జెమైమా చేసిన పుడ్డింగు మహిమ అనుకున్నాను. ఎంత గుడ్డిదాన్ని.

వాడెవడని అడగను. నువ్వంతట నువ్వు చెబితే వింటాను. సుత్తి పక్కన పెట్టే వింటాను.

మొన్న ఆదివారం... అబద్ధమెందుకు, ఇవాళ బుధవారం ప్రార్థనకే వెళ్ళి, చాపెల్లో లేచి నిలబడి చెప్పేశాను. "మా పిల్ల బిడ్డని ఎత్తుకుని ఇంటికి వస్తోంది. పేర్లు పెట్టేవాళ్ళు ఎవరైనా ఉంటే ఇప్పుడే నా ఎదురుగా పెట్టండి. వెనకాల పెడితే మాత్రం ఊరుకోను" అన్నాను. పాస్టరుగారు దగ్గి, తర్వాతి పాట నంబరు చెప్పారు. ఇంటికొచ్చేసరికి గుమ్మంలో జెమైమా. చేతిలో వాళ్ళ పిల్లల ఉయ్యాల. "పాతదే గానీ గట్టిది" అంది. మాటలు కలిశాయి.

నీ మంచం పక్కన ఉయ్యాలకి చోటు చేశాను. పిల్లాడికి మీ నాన్న పేరు పెడదాం, ఒబద్యా. వెంటనే బయల్దేరి రా. తల ఎత్తుకుని పట్టపగలు రైల్లో రా, రాత్రి బండికి కాదు.

నిన్ను ఎన్నడూ వదులుకోని,
అత్త


చెల్టెనమ్,
మార్చి 26

అత్తా,

నాకు బిడ్డ లేడు.

ఉన్నది లవీనియాకి. పాత ఎమ్మా, బేకరీ అతని భార్య. రెండో పేజీలో రాశాను కదా. వంటావిడ దృష్టిలో ఎమ్మా అంటే ఆవిడేనని కూడా రాశాను. నీ కార్డు రాగానే వంటావిడ, "ఎవరో క్రాడ్లీ హీత్ ఆవిడకి మన ఎమ్మా మీద ఎంత ప్రేమో చూడు" అని మురిసిపోయి జవాబు రాసిందట. ఇప్పుడు అడిగితే, "నీ గురించి అయితే కొత్తపిల్ల అని అడగొద్దూ" అంటోంది.

నీ ఉత్తరం వంటింట్లో నిలబడి చదివాను. మొదట నవ్వాపుకోలేక బల్ల పట్టుకున్నాను. చాపెల్ దగ్గరికి వచ్చేసరికి కళ్ళ నీళ్ళు ఆగలేదు. నిజంగా నాకలాంటి గతి పట్టినా నువ్వు ఇలాగే చేసేదానివని ఇప్పుడు నాకు తెలుసు. అది తెలియడం నాకు చాలా బాగుంది అత్తా.

కానీ దయచేసి చాపెల్లో ఇంకోసారి లేచి, లేదని చెప్పు.

నీ హెప్సీ (పెళ్ళి కానిది, పిల్లలు లేనిది)


క్రాడ్లీ హీత్,
ఏప్రిల్ 12

హెప్సీకి,

రెండో పేజీ నేను చదవలేదు. మొదటి పేజీ చదివిన కోపంలో రెండూ కలిపి కొలిమిలో పడేశాను. ఇకమీదట ముఖ్యమైన సంగతులు ముందు రాయి.

చాపెల్లో చెప్పాను. ఊరు ఊరంతా నీరుగారిపోయింది. అప్పటికే మేజోళ్ళు అల్లినవాళ్ళున్నారు, టోపీలు కుట్టినవాళ్ళున్నారు. కొందరు నమ్మనేలేదు. "బిడ్డని ఎక్కడో ఇచ్చేసుంటుంది, పాపం" అంటున్నారు. లేని బిడ్డకి తండ్రి ఎవరో కూడా బావి దగ్గర తేల్చేశారు. బట్టలన్నీ మూటగట్టి లవీనియాకి పంపుతున్నాను. ఒబద్యా అన్న పేరు కూడా కావాలంటే తీసుకోమను.

ఇప్పుడు నవ్వులు పక్కనపెట్టి చెబుతున్నాను, విను. ఇంత గొడవకీ మూలం ఏమిటి? నీ పేరు నీ దగ్గర లేకపోవడం. ఇంకొకత్తె పిల్లని కంటే నీ పేరు పోయింది. రేపు ఇంకో ఎమ్మా వెండి చెంచా దొంగిలిస్తే? మేం చేసే గొలుసులు ఎక్కడెక్కడి దేశాల ఆవుల మెడలకో పోతాయి. ఆ ఆవుకి కూడా ఓ పేరుంటుంది, ఆవు మారితే పేరు మారుతుంది. ఎలా తెచ్చుకుంటావో నాకు తెలియదు, నీ పేరు నువ్వు వెనక్కి తెచ్చుకో. అంతవరకూ నాకు మనశ్శాంతి లేదు.

అత్త


చెల్టెనమ్,
అక్టోబరు 18, 1915

అత్తా,

ముఖ్యమైన సంగతి ముందు రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. నేను ఈ ఇల్లు వదిలేద్దామనుకుంటున్నాను. ట్రాముల్లో కండక్టరుగా చేరడానికి.

యుద్ధం మొదలయ్యాక ఈ ఊళ్ళో మగవాళ్ళు కరువైపోయారు. మా జాన్ కూడా పోయాడు. పటాలంలో చేరేటప్పుడు "ఎర్నెస్ట్ అని రాసుకున్నారే, పూర్తిగా ఎర్నెస్ట్ అని" అని మురిసిపోతూ వెళ్ళాడు. పేరు కోసం యుద్ధానికి వెళ్ళాలా అనిపించింది. క్షేమంగా ఉన్నానని ఉత్తరం రాశాడు, దేవుడు చల్లగా చూడాలి. ట్రాముల్లో ఇప్పుడు ఆడవాళ్ళని తీసుకుంటున్నారు. నీలం కోటు, టోపీ, భుజాన తోలుసంచి. నేను డిపోకి వెళ్ళి అడిగాను. ఇన్‌స్పెక్టరు నా నోటిలెక్క చూసి, మెట్ల మీద పరుగెత్తించి చూసి, "బాగానే ఉన్నావు. పని చేసిన ఇంటి నుంచి మంచి నడవడి అని ఓ కాగితం పట్రా" అన్నాడు.

అమ్మగారిని అడిగితే రాసిచ్చారు. అత్తా, ఎంత బాగా రాశారనుకున్నావు! నిజాయితీ, శుభ్రత, ఓర్పు, అన్నీ ఉన్నాయి. కానీ మొత్తం ఎమ్మా గురించి. ఇన్‌స్పెక్టరు చదివి, "ఈ ఎమ్మా ఎవరో చాలా మంచి పిల్లలా ఉంది. ఆవిణ్ణి పంపు, తీసుకుంటాను" అన్నాడు.

తిరిగొచ్చి నా పేరుతో రాయమని బతిమాలాను.

"హెఫ్సీబా ట్రాంటరా? ఆవిడెవరో నాకు తెలియదే" అన్నారు అమ్మగారు.

"నేనేనండీ."

"నువ్వు ఎమ్మావి. నిన్ను నేను ఎరుగుదును. ఎరగని మనిషి మంచిదని నేను ఎలా సంతకం పెట్టను?"

ఎగతాళి కాదు, నిజంగానే అంటున్నారు. కొంత నేను వెళ్ళిపోతే ఇంకో పిల్ల దొరకదన్న భయం కూడా ఉందనుకో. ఇప్పుడు ఆడపిల్లలంతా మందుగుండు ఫ్యాక్టరీలకి పోతున్నారు. ఇన్నాళ్ళు ఒళ్ళు హూనం చేసుకుని సంపాదించుకున్న మంచి పేరంతా ఎమ్మాది. రేపు వచ్చే ఎమ్మాకి అది పుట్టింటి కానుకలా వెళ్ళిపోతుంది. హెఫ్సీబా మాత్రం ఒక్కరోజు కూడా పని చెయ్యనట్టే. నాకు చాలా అవమానంగా ఉంది.

వచ్చే వారం చివరిదాకా ఇన్‌స్పెక్టరు ఆగుతానన్నాడు. ఆ తర్వాత ఆ చోటు ఇంకొకరికి పోతుంది. ఏం చెయ్యాలో తోచడం లేదు. నువ్వు మాత్రం ఇక్కడికి రాకు. నాకు నీ కోపం తెలుసు.

హెప్సీ


క్రాడ్లీ హీత్,
అక్టోబరు 28, 1915

హెప్సీకి,

రావద్దన్నావు కాబట్టి వచ్చి వెళ్ళాను. నువ్వు ఇంట్లో లేవు. అమ్మగారి టోపీ తేవడానికి నిన్ను ఊరి చివర దుకాణానికి పంపారట. ఆఖరి బండి తప్పిపోతుందని నీ కోసం ఆగలేదు. జరిగింది నువ్వు వాళ్ళ నోట వినేలోపు నా నోట విను.

మెడ దాకా మసి వదిలేలా రుద్దుకుని, చావులకి పెట్టుకునే టోపీ పెట్టుకుని, ముందు తలుపే తట్టాను. కూలి కోసం గొలుసుల యజమానుల మీద సమ్మె చేసి గెలిచినదాన్ని, వెనక తలుపు నాకెందుకు? మీ అమ్మగారే తీశారు, తీసేవాళ్ళు లేక. గదిలో కూర్చోబెట్టారు, అదీ నేను కూర్చున్నాక.

"నమస్కారం మిసెస్ బ్రౌన్, నేను కెజీయా ట్రాంటర్‌ని, మీ దగ్గర పనిచేసే హెఫ్సీబా మేనత్తని" అన్నాను.

"నా పేరు పెన్రడాక్" అంది.

"అయ్యుండొచ్చమ్మా. మా వైపు పెద్దిళ్ళ ఆడవాళ్ళందరినీ బ్రౌన్ అనే అంటాం. నోటికి సుఖం."

కొలిమిలో పెట్టిన ఇనుములా ముందు చెవులు ఎర్రబడ్డాయి, తర్వాత మెడ. నేను కాగితం సంగతి చెబుతూ ఇంకో రెండుసార్లు మిసెస్ బ్రౌన్ అన్నాను. ఆవిడ లేచి నన్ను బయటికి పంపించడానికి గంట కొట్టి, "ఎమ్మా" అని పిలిచింది. ఎవరూ రాలేదు. మళ్ళీ కొట్టింది. అప్పుడు గుర్తొచ్చినట్టుంది, టోపీకి పంపింది తనేనని. గంట చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నిజం చెప్పొద్దూ, నాకు కాస్త జాలేసింది.

మూల కుర్చీలో పేపరు కింద అయ్యగారు నిద్రపోతున్నారనుకున్నాను. పేపరు దిగింది.

"ఆ పేరు ఎలా రాస్తారు?" అన్నారు.

"పని వాళ్ళ సంగతి నేను చూసుకుంటాను కదా" అంది ఆవిడ.

"ఊళ్ళకి ఊళ్ళ మీద సంతకాలు పెట్టినవాణ్ణి. ఒక పిల్ల పేరు రాయలేనా?" అని బల్ల దగ్గరికి వెళ్ళి కలం తీశారు. నేను ఒక్కో అక్షరం చెప్పాను. మధ్యలో తప్పు రాసి, ఆ కాగితం చింపేసి, కొత్తది తీసుకుని మళ్ళీ మొదలుపెట్టారు. నడవడి బాగుందని రాసేదంతా చకచకా రాశారు. పేరు మాత్రం బడిపిల్లాడిలా ఒత్తి ఒత్తి రాశారు.

సిరా ఆరుతుండగా తల ఎత్తకుండానే నాతో అన్నారు: "మద్రాసులో నేను పడవ ఎక్కుతున్నప్పుడు మా ఆఖరి రామస్వామి ఒడ్డుదాకా వచ్చాడు. నీళ్ళల్లో మోకాలి లోతు నిలబడి, తన అసలు పేరు ఇదీ అని చెప్పాడు. కెరటాల హోరు. నేను, సరే రామస్వామీ, వెళ్ళొస్తానన్నాను. వాడు ఏం చెప్పాడా అని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. వీ అనే అక్షరంతో మొదలవుతుందేమో. ఇప్పుడు అడుగుదామన్నా ఏ పేరు పెట్టి వెతకను?"

ముసలాయన మీద జాలేసిందో, ఆ నీళ్ళల్లో నిలబడ్డ మనిషి మీద జాలేసిందో చెప్పలేను. ఇద్దరి మీదా అనుకుంటాను, ఆ మనిషి మీద ఎక్కువ.

కాగితం నీకే ఇవ్వమని ఆయన చేతిలోనే వదిలి వచ్చాను. గుమ్మం దగ్గర మీ అమ్మగారితో "వెళ్ళొస్తాను మిసెస్ పెన్రడాక్" అన్నాను. గెలిచాక కూడా కొట్టడం నాకు అలవాటు లేదు.

నీ అత్త


చెల్టెనమ్,
మే 7, 1916

అత్తా,

ఇన్నాళ్ళూ ముక్క ముక్కలుగా కార్డులు రాశాను, ఇవాళ సెలవు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను. ట్రాము పని నాకు బాగా పడింది. వానొస్తే పై అంతస్తులో తడుస్తాం, గాలొస్తే టోపీ పట్టుకుని టికెట్లు ఇవ్వాలి, తాగినవాళ్ళు పాటలు పాడతారు. ఒకడు నిన్న నన్ను పెళ్ళి చేసుకుంటానన్నాడు. దిగే చోటు రాగానే మర్చిపోయాడు. డ్రైవరు ముసలాయన నన్ను "హెఫ్సీబా గారూ" అని గంట కంటే గట్టిగా పిలుస్తాడు. వీధి వీధంతా నా పేరు వింటోంది. నాయనమ్మ ఉంటే సంతోషించేది.

నువ్వు అడిగావు కదా, అమ్మగారి ఇంటికి ఇంకా ఎమ్మా దొరకలేదు. లవీనియా చెప్పింది. ఈమధ్య పని అడగడానికి వచ్చిన పిల్ల ఒకత్తె, "ముందు మీరు నన్నేమని పిలుస్తారో చెప్పండి, తర్వాత జీతం మాట్లాడుకుందాం" అందట.

ఇక నిన్నటి సంగతి. మధ్యాహ్నం బండి కిటకిటలాడుతోంది. నేను ముందువైపు టికెట్లు ఇస్తున్నాను. వెనకనుంచి ఎవరో "ఎమ్మా, ఎమ్మా" అని పిలుస్తున్నారు. నా పని నేను చేసుకుంటున్నాను. ఎంతసేపటికీ ఆ పిలుపు ఆగదు. బండిలో ఎమ్మా అనే ఆవిడ ఎవరో ఉంది, చెవుడేమో పాపం, పలకదు అనుకున్నాను. చివరికి బుట్ట పట్టుకున్న ఒకావిడ నా మోచెయ్యి తట్టి, "ఆవిడ పిలిచేది నిన్నేలా ఉందమ్మా" అంది. తిరిగి చూస్తే మా అమ్మగారు, స్తంభం పట్టుకుని నిలబడి ఉన్నారు.

ఒట్టు పెట్టకూడదంటావు గానీ, ఒట్టు అత్తా, పొగరుతో కాదు. నిజంగానే ఆ పిలుపు నన్నేనని అనుకోలేదు. అన్నాళ్ళు ఆ పిలుపుకి ఎన్ని మెట్లు దిగానో, నిన్న నా మెడ కూడా తిరగలేదు.

దగ్గరికి వెళ్ళాను. ఆవిడ నా కోటు చూశారు, సంచి చూశారు. మళ్ళీ "ఎమ్" అని నోరు తెరిచి ఆగిపోయారు. పెదవులు కదులుతున్నాయి. "హెఫ్..." అన్నారు. వెనక జనం టికెట్లు టికెట్లు అంటున్నారు. నేను అందించలేదు, తొందరపెట్టలేదు, అలాగే నిలబడ్డాను. బండి మలుపు తిరిగింది.

"హెఫ్సీబా," అన్నారు, "ప్రామినేడ్‌కి ఒక టికెట్ ఇవ్వు."

చింపి ఇచ్చాను. ఆవిడ నోట ఆ పేరు బాగానే ఉంది అత్తా.

నీ మేనకోడలు,
హెఫ్సీబా ట్రాంటర్